యుద్ధాన్ని పటం గీసి చదవడం – 3వ పాఠం: దూరాన్ని ఎవరు ఎంచుకున్నారు?

మొదటి పాఠంలో నేల గీశాం, రెండో పాఠంలో వరసల మధ్య ఎడం కొలిచాం. ఈసారి నీళ్ళ మీదికి వెళ్తున్నాం. అభ్యాసానికి సరుకు మాత్రం అదే: 1812 జూన్ 18న అమెరికా బ్రిటన్ మీద ప్రకటించి, 1815 ఫిబ్రవరి దాకా నడిచిన యుద్ధం.

సరస్సుల్లో జరిగిన పోరాటాలకు ఒక పాఠమంతా ఎందుకని అడగవచ్చు. అప్పటి అమెరికా–కెనడా సరిహద్దు చాలావరకు అడవి. బండి నడిచే దారులు తక్కువ, ఉన్నవీ వానకు బురదయ్యేవి. పిండి బస్తా, మందుగుండు పీపా, ఫిరంగి అన్నీ పడవల మీదే వెళ్ళాలి. సరస్సు ఎవరి చేతిలో ఉంటే ఒడ్డున వాళ్ళ సైన్యానికి తిండి ఉంటుంది. ఈ ఒక్క మాట పట్టుకుంటే 1813, 1814 సంవత్సరాల్లో ఉత్తరాన జరిగినవి సగం అర్థమైనట్టే.

ముందు పాత లెక్క

కిందటి పాఠంలో ఇచ్చిన యుద్ధం బ్లాడెన్స్‌బర్గ్, 1814 ఆగస్టు 24. అమెరికన్లు సుమారు 6,000 మంది, ఎక్కువమంది మిలీషియా, అంటే అవసరానికి పిలిచే పౌరదళం. మేరీలాండ్‌లోని బెనెడిక్ట్ దగ్గర దిగి వాషింగ్టన్ మీదికి నడిచిన బ్రిటిష్ జనరల్ రాస్ బలగం 4,000 పైచిలుకు. ఎక్కువ మంది ఉన్నవాళ్ళు ఎందుకు ఓడారన్నది ప్రశ్న.

"మిలీషియా నిలబడలేదు" అని రాసి ఊరుకుంటే సగం మార్కులే. మూడు వరసలూ గీసి మధ్య దూరాలు వేసినవాళ్ళకు జవాబు కాగితం మీదే కనిపించి ఉంటుంది. మూడో వరస మొదటి వరసకు దాదాపు మైలు వెనక ఉంది. మొదటి రెండు వరసల మధ్య పండ్లతోట అడ్డం. విదేశాంగ మంత్రి జేమ్స్ మన్రో వచ్చి, ముందు వరస నాయకుడితో మాట్లాడకుండానే కొన్ని దళాలను వెనక్కి జరిపించాడు. అంటే బ్రిటిష్‌వాళ్ళు 6,000 మందితో ఒక్కసారి తలపడలేదు. ఒక వరసను తరిమాక ఇంకో వరసతో పోరాడారు. ఏ వరసా వెనకవాళ్ళ సాయం అందుకునేంత దగ్గరలో లేదు. జాషువా బార్నీ నావికులూ, మెరైన్లూ మూడో వరసలో గట్టిగా నిలబడ్డారు కానీ, అప్పటికి వాళ్ళ రెండు పక్కలూ ఖాళీ. ఆ రోజు వెనక్కి తగ్గినవాళ్ళలో ఒకటైన మేరీలాండ్ 5వ రెజిమెంటు మూడు వారాలు తిరగకముందే, సెప్టెంబరు 12న, బాల్టిమోర్ దగ్గర నార్త్ పాయింట్‌లో బ్రిటిష్ పదాతి ఎదుట నిలబడి పోరాడింది. మనుషులు వాళ్ళే, నిలబెట్టిన తీరు మారింది.

ఇంకో సంగతి. ఆ రోజు బ్రిటిష్ వైపు 64 మంది చనిపోయారు, 185 మంది గాయపడ్డారు. ఓడిన అమెరికన్లలో చనిపోయినవాళ్ళు అంతకంటే చాలా తక్కువ. మృతుల పట్టిక చూసి గెలుపోటములు రాసే అలవాటు ఉంటే ఇక్కడే మానుకోండి.

ఆ రోజు బ్రిటిష్‌వాళ్ళు వాడిన కాంగ్రీవ్ రాకెట్లకు మన వైపు చుట్టరికం ఉంది. హైదర్, టిప్పుల సైన్యం ఇనప గొట్టాల్లో మందు కూరి వదిలిన రాకెట్లే వాటికి మాతృక. 1799లో శ్రీరంగపట్నం పడ్డాక వాటిలో కొన్ని ఇంగ్లండు చేరాయి, వాటిని చూసే విలియం కాంగ్రీవ్ తన రకం తయారు చేశాడు. కడప, గుర్రంకొండ సీమలు మైసూరు ఏలుబడిలో ఉన్న రోజుల నాటి ఆయుధం అది. పటంలో మాత్రం రాకెట్లకు వృత్తం గీయకండి. అవి గురి తప్పేవి. పని చేసింది ఎక్కువగా భయపెట్టడంలోనే.

కావలసినవి

చదరాల కాగితం రెండు షీట్లు, ఎరుపు నీలం పెన్సిళ్ళు, వృత్తలేఖిని, కోణమానిని. చివర్లో చేసే నమూనాకు ఒక అట్టముక్క, జానెడు థర్మాకోల్, ఐదు గుండుసూదులు, మూర దారం. కొలత: కాగితం మీద 1 సెం.మీ. అంటే 200 మీటర్లు.

ఫిరంగుల సంఖ్య లెక్కపెట్టకండి

నౌకాయుద్ధం చదివేటప్పుడు కొత్తవాళ్ళు చేసే మొదటి పొరపాటు ఇదే: "వాళ్ళకు 63 ఫిరంగులు, వీళ్ళకు 54, కాబట్టి వాళ్ళే బలవంతులు." ఫిరంగిని దాని గుండు బరువుతో పిలుస్తారు. 32 పౌండ్ల ఫిరంగి అంటే పద్నాలుగున్నర కిలోల ఇనప గుండు వేసేది. 9 పౌండ్ల ఫిరంగి గుండు నాలుగు కిలోలే. రెండూ లెక్కలో ఒక్కొక్కటే.

అందుకని ఓడ ఒక పక్కనున్న ఫిరంగులన్నీ ఒక్కసారి పేలితే ఎంత ఇనుము వెళ్తుందో లెక్కకట్టాలి. దీన్ని ఈ పాఠాల్లో పక్కవాటు అందాం. ఓడకు రెండు పక్కలుంటాయి, ఒక్కసారికి ఒక పక్కే శత్రువు వైపు ఉంటుంది. కాబట్టి పక్కకున్న ఫిరంగుల్లో సగమే లెక్కలోకి వస్తాయి. చక్రంలా తిరిగే పీఠం మీద ఫిరంగి ఉంటే దాన్ని మాత్రం పూర్తిగా కలపాలి.

రెండో విషయం ఫిరంగి రకం. పొడుగు ఫిరంగి బరువైనది, మందు ఎక్కువ తింటుంది, దూరం కొడుతుంది. కారొనేడ్ పొట్టిది. అదే గుండు వేసే పొడుగు ఫిరంగిలో ఇంచుమించు మూడో వంతు బరువు, కొద్దిమంది నడపగలరు. కాబట్టి చిన్న ఓడ మీద కూడా పెద్ద గుండు వేసే కారొనేడ్లు ఎక్కించవచ్చు. లోపం ఒకటే, దగ్గరికి వెళ్తే తప్ప పనికిరాదు. ఈ అభ్యాసానికి కారొనేడ్‌కు 400 మీటర్లు, అంటే 2 సెం.మీ. ఎర్ర వృత్తం గీయండి. పొడుగు ఫిరంగికి 1,600 మీటర్లు, అంటే 8 సెం.మీ. నీలి వృత్తం. గుండు అంతకంటే దూరం పోదని కాదు. ఆ హద్దు దాటాక తగలడం అదృష్టం కిందికి వస్తుంది.

ఇప్పుడు ఏ నౌకాయుద్ధానికైనా అడగాల్సిన ప్రశ్న సిద్ధమైంది. రెండు ఓడలూ ఏ వృత్తంలో కలుసుకున్నాయి? ఆ దూరాన్ని ఎంచుకున్నది ఎవరు?

ఈరీ సరస్సు, 1813 సెప్టెంబరు 10

అమెరికన్ నాయకుడు ఆలివర్ హజార్డ్ పెర్రీ, 28 ఏళ్ళవాడు. ఓడలు తొమ్మిది. ఎదుట బ్రిటిష్ నాయకుడు రాబర్ట్ బార్‌క్లే, ఆరు ఓడలు. పైన చెప్పిన 54, 63 ఫిరంగులు వీళ్ళవే. 63 బార్‌క్లేవి. పక్కవాటు కడితే కథ తిరగబడుతుంది: పెర్రీ వైపు సుమారు 900 పౌండ్లు, బార్‌క్లే వైపు సుమారు 460.

పెర్రీ పెద్ద ఓడలు లారెన్స్, నయాగరా. ఒక్కోదానికి 32 పౌండ్ల కారొనేడ్లు 18, పన్నెండు పౌండ్ల పొడుగు ఫిరంగులు 2. పక్కవాటు మీరే కట్టండి: 9 × 32 = 288, దానికి 12 కలిపితే 300 పౌండ్లు. ఇందులో దూరం నుంచి పనికొచ్చేది ఆ 12 పౌండ్లే. బార్‌క్లే పెద్ద ఓడ డెట్రాయిట్‌కు 19 ఫిరంగులు, పక్కవాటు 138 పౌండ్లు. దానికి రావలసిన ఫిరంగులు చేరలేదు. కోట గోడల మీదివి దింపి, ఎన్నో రకాల సైజులు కలిపి అమర్చారు. కానీ దాదాపు అన్నీ పొడుగువి. ఫిరంగులకు నిప్పందించే వత్తులు కూడా సరిగా లేక, మందుదారి మీద పిస్టల్ పేల్చి వాటిని వెలిగించారు. ఇన్ని లోటులతో బార్‌క్లే ఎందుకు బయటికి వచ్చాడంటే, అతని స్థావరం ఆమ్‌హర్స్ట్‌బర్గ్‌లో తిండి అయిపోతోంది. సరస్సు తెరుచుకోకపోతే ఒడ్డునున్న సైన్యం, దానితో ఉన్న స్థానిక జాతుల కుటుంబాలు పస్తులుంటాయి.

పెర్రీ ఓడలు అసలు సరస్సులోకి రావడమే ఒక పని. ప్రెస్క్ ఐల్ రేవులో కట్టారు. రేవు నోట ఇసుకతిన్నె, నీళ్ళు తక్కువ, బ్రిగ్గులు (రెండు తెరచాప స్తంభాల ఓడలు, లారెన్స్, నయాగరా ఆ రకమే) లోతైనవి. ముందు ఫిరంగులు దింపేశారు. తర్వాత పెద్ద చెక్కపెట్టెలు, నావికుల వాడుకలో "ఒంటెలు", నీళ్ళతో నింపి ముంచి ఓడకు రెండు పక్కలా చేర్చారు. ఓడలో అడ్డంగా దూర్చిన దూలాలను వాటికి కట్టారు. ఆ పెట్టెల్లోంచి నీళ్ళు తోడేస్తే అవి తేలుతూ ఓడను పైకెత్తుతాయి. ఆగస్టు మొదట్లో ఈ పని జరుగుతున్నప్పుడు బార్‌క్లే వచ్చి పడి ఉంటే ఫిరంగుల్లేని ఓడలు దొరికేవి. అప్పుడు అతను కాపలా వదిలి కొద్ది రోజులు వెళ్ళి ఉన్నాడు. యుద్ధం ఆ ఇసుకతిన్నె మీదే సగం నిర్ణయమైందనడం పెద్ద మాటేమీ కాదు.

ఇక పటం. రెండు వరసలు గీయండి, గాలి బాణం ఆగ్నేయం నుంచి. ఉదయం గాలి నైరుతిగా ఉండి పెర్రీకి ఎదురొచ్చింది, తర్వాత ఆగ్నేయానికి తిరిగి అతని వెనక్కి వచ్చింది. గాలివాలున, అంటే గాలి పోయే దిక్కున, ఉన్నవాడు దగ్గరికి రావాలో మానాలో తేల్చుకోలేడు. పైగాలిన, అంటే గాలి వచ్చే దిక్కున, ఉన్నవాడే తేలుస్తాడు. కాబట్టి దూరం ఎంచుకునే హక్కు పెర్రీకి వచ్చింది. కానీ గాలి చాలా నెమ్మది. 11:45కు డెట్రాయిట్ మొదటి గుండు వేసింది. లారెన్స్ తన కారొనేడ్ల దూరానికి చేరేసరికి సుమారు అరగంట పట్టింది. ఆ అరగంటలో లారెన్స్‌ను నీలి వృత్తం అంచు నుంచి ఎర్ర వృత్తం దాకా జరుపుకుంటూ రండి. ప్రతి 5 నిమిషాలకు ఒక చుక్క పెట్టండి. దెబ్బలు తింటూ, తిరిగి కొట్టలేని కాలం ఎంతో కళ్ళకు కడుతుంది.

రెండో పొరపాటు ఇక్కడ చూడండి. పెర్రీ ఓడలన్నీ ఒకేసారి ముందుకు వచ్చాయని గీస్తారు. రాలేదు. జెస్సీ ఎలియట్ నడుపుతున్న నయాగరా వెనకే, కారొనేడ్లకు అందని దూరంలో ఉండిపోయింది. దానికి ఎదురుగా ఉండాల్సిన బ్రిటిష్ క్వీన్ షార్లెట్‌కు తన కారొనేడ్లు నయాగరాకు అందక, ముందుకు జరిగి డెట్రాయిట్‌తో కలిసి లారెన్స్ మీద పడింది. ఒక్క ఓడ మీద రెండు. మధ్యాహ్నం 2:30కు లారెన్స్‌లో పనిచేయగల 103 మందిలో 22 మంది చనిపోయి, 61 మంది గాయపడి ఉన్నారు. ఎలియట్ ఎందుకు రాలేదన్న తగవు వాళ్ళిద్దరి జీవితాంతం సాగింది. మన పటం దాన్ని తేల్చదు. నయాగరా ఏ వృత్తం బయట ఉండిపోయిందో మాత్రం చూపిస్తుంది.

అప్పుడు పెర్రీ చిన్న పడవలో నయాగరాకు మారాడు. దెబ్బ తినని ఓడ, 300 పౌండ్ల పక్కవాటు. గాలి కూడా కొంచెం పెరిగింది. నేరుగా బ్రిటిష్ వరస మధ్యకు నడిపాడు. తప్పించుకోబోయి డెట్రాయిట్, క్వీన్ షార్లెట్ ఒకదానికొకటి చిక్కుకున్నాయి. నయాగరా రెండు పక్కల ఫిరంగులూ ఒక్కసారి పనికొచ్చిన క్షణం అదే. కాబట్టి ఇక్కడ మాత్రం పక్కవాటును రెండుతో గుణించాలి. మూడు గంటల వేళకు అంతా అయిపోయింది. అంతకుముందే ఒక చేయి పోగొట్టుకున్న బార్‌క్లేకు రెండో చేతికి కూడా గాయమైంది. పెర్రీ ఒడ్డునున్న అమెరికన్ జనరల్ హారిసన్‌కు రాసిన చీటీలో పట్టుబడ్డ ఓడల లెక్క ఉంది: రెండు షిప్పులు, రెండు బ్రిగ్గులు, ఒక స్కూనర్, ఒక స్లూప్.

ఫలితం ఒడ్డున చూడాలి. డెట్రాయిట్ పట్టణం 1812 ఆగస్టు 16న బ్రిటిష్ చేతికి పోయింది. ఇప్పుడు సరస్సు పోయాక అక్కడి బ్రిటిష్ జనరల్ ప్రాక్టర్ తిండి దారి లేక వెనక్కి బయల్దేరాడు. అక్టోబరు 5న థేమ్స్ నది దగ్గర హారిసన్ అతన్ని అందుకున్నాడు. బ్రిటిష్ వైపున్న షానీ తెగ నాయకుడు టెకుమ్సే ఆ యుద్ధంలోనే చనిపోయాడు. ఆయనతో స్థానిక జాతుల కూటమి కూడా కుప్పకూలింది.

ప్లాట్స్‌బర్గ్, 1814 సెప్టెంబరు 11

ఈ పాఠానికి గుండెకాయ ఇదే. తొందరపడకుండా చేయండి.

షాంప్లెయిన్ సరస్సు పొడుగ్గా ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది. నీళ్ళు ఉత్తరానికి, రిషెల్యూ నదిలోకి పారతాయి. అందువల్ల పాత ఉత్తరాల్లో "సరస్సు పైకి" అని ఉంటే దక్షిణానికి అని అర్థం. పటంలో పైన ఉత్తరం ఉంటుంది కదా అని చాలామంది బ్రిటిష్ ఓడల్ని తలకిందులుగా నడిపిస్తారు. అవి కెనడా నుంచి, అంటే కాగితం పైనుంచి కిందికి వచ్చాయి.

ఇప్పుడు అఖాతం గీయండి. నోరు దక్షిణం వైపు. నోటికి తూర్పు కొసన కంబర్లాండ్ హెడ్ అనే నేలకొమ్ము. అక్కడి నుంచి నైరుతిగా సుమారు మైలున్నర, అంటే కాగితం మీద 12 సెం.మీ. దూరంలో క్రాబ్ దీవి, దాని చుట్టూ తక్కువ లోతు. పడమటి ఒడ్డున ప్లాట్స్‌బర్గ్, సారనాక్ నది. నదికి దక్షిణాన అమెరికన్ జనరల్ మకోంబ్ కోటలు. అతనికి పనికొచ్చే రెగ్యులర్లు, అంటే శాశ్వత సైనికులు, సుమారు 1,500 మంది, కొంత మిలీషియా. ఉత్తరాన బ్రిటిష్ జనరల్ ప్రివోస్ట్, 10,000 మందికి పైగా. నెపోలియన్ మీద పోరాడి వచ్చిన దళాలు కూడా అందులో ఉన్నాయి.

అఖాతం లోపల, ఉత్తరం నుంచి దక్షిణానికి వరసగా నాలుగు అమెరికన్ ఓడలు: ఈగిల్, సారటోగా, టైకాండెరోగా, ప్రెబుల్. అన్నీ లంగరేసి ఉన్నాయి. నాయకుడు థామస్ మక్డానా. వరస పై కొసను కంబర్లాండ్ హెడ్ వైపు, కింది కొసను క్రాబ్ దీవి దగ్గరి మెరకల వైపు చేర్చి నిలిపాడు. ఏ కొసనూ చుట్టి వెనక్కి వెళ్ళే చోటు లేదు.

పక్కవాటు లెక్కకు రండి. సారటోగా మీద 24 పౌండ్ల పొడుగు ఫిరంగులు 8, 42 పౌండ్ల కారొనేడ్లు 6, 32 పౌండ్ల కారొనేడ్లు 12. ఒక పక్క: 4 × 24 = 96, 3 × 42 = 126, 6 × 32 = 192. మొత్తం 414 పౌండ్లు. జార్జ్ డౌనీ నడిపిన బ్రిటిష్ పెద్ద ఓడ కాన్ఫియాన్స్ పక్కవాటు 480 పౌండ్లు. అందులో 384 పొడుగు ఫిరంగులవి. ఇప్పుడు రెండు వరుసల పట్టిక వేయండి. దగ్గర్నుంచి అయితే 480కి 414, దాదాపు సమానం. దూరం నుంచి అయితే 384కి 96, నాలుగింతలు. ఓడలు మారలేదు, దూరం ఒక్కటే మారింది. మక్డానా లంగరేసిన చోటు ఈ పట్టికకు జవాబు.

గాలి బాణం ఈశాన్యం నుంచి వేయండి. చదరపు తెరచాపల ఓడ గాలి వచ్చే దిక్కుకు సుమారు 67 డిగ్రీల కంటే దగ్గరగా ముక్కు పెట్టి నడవలేదు. కోణమానిని బాణం మీద పెట్టి రెండు వైపులా 67 డిగ్రీలు గీసి, మధ్య భాగమంతా మసి పూయండి. అది డౌనీ వెళ్ళలేని దిక్కు. సరస్సులో దక్షిణానికి వచ్చేటప్పుడు గాలి అతనికి తోడు. కంబర్లాండ్ హెడ్ చుట్టి అఖాతంలోకి తిరగగానే అదే గాలి ఎదురుగాలి. ఉత్తరం మసిలో పడుతుంది. వాయవ్యం మాత్రం మిగులుతుంది, అంటే అమెరికన్ వరస వైపు ముక్కు పెట్టి రావడం. ముక్కు ముందున్నప్పుడు పక్క ఫిరంగులు శత్రువుకు పేలవు. ఎదుటివాళ్ళ పక్కవాటు మాత్రం ఓడ పొడుగునా దూసుకుపోతుంది.

ఉదయం 9 వేళకు కాల్పులు మొదలయ్యాయి. వరస పై కొసకు చేరాలన్న డౌనీ ఆశకు గాలి సహకరించలేదు. కొన్ని వందల గజాల దూరంలోనే లంగరేయాల్సి వచ్చింది. అయినా కాన్ఫియాన్స్ మొదటి పక్కవాటుకు సారటోగా మీద సుమారు 40 మంది పడిపోయారు. పదిహేను నిమిషాల్లోపే డౌనీ చనిపోయాడు. ఒక గుండు తగిలి ఫిరంగి వెనక్కి ఎగిరి ఆయన మీద పడింది.

ఆ తర్వాత కాన్ఫియాన్స్ కాల్పులు ఎందుకు పలచబడ్డాయో ప్రత్యేకంగా నోట్ చేసుకోండి. ఫిరంగి గొట్టం వెనక భాగం కింద ఏటవాలు చెక్క ముక్క ఒకటి దూరుస్తారు. దాన్ని లోపలికీ బయటికీ జరిపితే గురి కిందికీ పైకీ మారుతుంది. ప్రతి పేలుడుకూ ఆ చెక్క కొంచెం సడలుతుంది, గొట్టం మూతి పైకి లేస్తుంది. అలవాటున్న సిబ్బంది ప్రతిసారీ సరిచూసుకుంటారు. కాన్ఫియాన్స్ నీళ్ళలోకి దిగిందే ఆగస్టు 25న. సిబ్బందికి ఓడ కొత్త, ఒకరికొకరు కొత్త. గుండ్లు క్రమంగా పైపైకి పోయాయి. యుద్ధం ముగిశాక లెక్కపెడితే సారటోగా ఒంటికి 55 గుండ్లు, కాన్ఫియాన్స్‌కు 105.

మధ్యలో ఈగిల్ తన తాడు తెంచుకుని దక్షిణానికి జరిగింది. దాంతో ఖాళీ దొరికిన బ్రిటిష్ లిన్నెట్, సారటోగాను కొస నుంచి కొట్టడం మొదలెట్టింది. సారటోగా కుడి పక్క ఫిరంగులు దాదాపు అన్నీ మూగబోయాయి. ఇక్కడ మక్డానా ముందే చేసి పెట్టుకున్న ఏర్పాటు పనికొచ్చింది. అది మాటల్లో కంటే చేతుల్లో బాగా అర్థమవుతుంది.

అట్టను 6 సెం.మీ. పొడవు, 1.5 సెం.మీ. వెడల్పు ఓడలా కత్తిరించండి. కుడి అంచుకు ఎరుపు, ఎడమ అంచుకు నీలం రాయండి. థర్మాకోల్ మీద ముక్కు ఉత్తరానికి ఉంచండి, శత్రువు తూర్పున. ముక్కుకు కొంచెం ముందు ఒక సూది గుచ్చి, దారంతో ముక్కుకు కట్టండి. ఇది అసలు లంగరు. ముక్కుకు ముందు, కుడి ఎడమల 4 సెం.మీ. దూరాన ఇంకో రెండు సూదులు. ఇవి చిన్న లంగర్లు. వీటి దారాలు ఓడ ముక్కుకు కాదు, వెనక మూలలకు వెళ్ళాలి, అట్ట కింది నుంచి. సారటోగా మీద ఈ మోకులు గుండ్లకు తెగకుండా నీళ్ళలో మునిగి వేలాడేట్టు వదిలారు. దారం అట్ట పైనుంచి పోనిస్తే తిరిగేటప్పుడు ముక్కుకు చుట్టుకుంటుంది. ఎక్కువమందికి నమూనా పాడయ్యేది ఇక్కడే.

ఇప్పుడు వెనక భాగం దగ్గర ఒక సూదిని వదులుగా గుచ్చండి, వెనక లంగరు అది. ముక్కు దారం కత్తిరించండి. వెనక మూలకు కట్టిన దారాన్ని మెల్లగా లాగండి. ఓడ వెనక భాగం ఉత్తరానికి, ముక్కు దక్షిణానికి తిరుగుతుంది. తూర్పు వైపు ఇప్పుడు నీలి అంచు ఉంటుంది. అది ఇంతవరకూ ఒక్క గుండు కూడా వేయని ఎడమ పక్క. సగం తిరిగినప్పుడు ఆపి చూడండి. ఓడ వెనక భాగం లిన్నెట్‌కు ఎదురుగా తెరిచి ఉంటుంది. సారటోగాకు అది అన్నిటికంటే ప్రమాదమైన ఘడియ. కాన్ఫియాన్స్ కూడా ఇలాగే తిరగాలని చూసింది. కానీ దాని ముక్కు లంగర్లు రెండు గుండ్లకు పోయాయి, ఇలాంటి మోకుల ఏర్పాటు లేదు. సగంలో చిక్కుకుని ఆగిపోయింది, తర్వాత జెండా దించింది. మొత్తం రెండు గంటల ఇరవై నిమిషాల పోరాటం.

ఒడ్డున ప్రివోస్ట్ దళాలు సారనాక్ నదిని నడిచి దాటే చోటు వెతుకుతూ దారి తప్పి ఆలస్యమయ్యాయి. ఓడలు లొంగిపోయిన కబురు రాగానే వాటిని వెనక్కి పిలిచాడు. 10,000 మంది సైన్యం కెనడాకు తిరిగి నడిచింది. ఇది సరైన నిర్ణయమేనా అన్నదాని మీద వాదం ఉంది. సరస్సు లేకుండా ముందుకు పోతే తిండి బండ్ల వరస తెగుతుందన్న ఆయన భయం నిజమైనదే. ఆయన తప్పు అంతకు ముందుది. మకోంబ్ కోటలను ముందే పట్టుకుని వాటి ఫిరంగులను అఖాతం మీదికి తిప్పి ఉంటే, మక్డానా లంగరెత్తి సరస్సులోకి పోవాల్సి వచ్చేది. అక్కడ పట్టికలో ఏ వరుస వర్తిస్తుందో మీకు తెలుసు: 384కి 96. డౌనీని తొందరపెట్టి అఖాతంలోకి పంపించడం కంటే అది మేలైన దారి. ఈ ఓటమి కబురు గెంట్‌లో (ఇప్పటి బెల్జియం) సంధి మాట్లాడుతున్న బ్రిటిష్ ప్రతినిధుల చేతులు బలహీనం చేసింది. పట్టుకున్న భూమి పట్టుకున్నవాళ్ళకే అన్న కోరిక చివరికి వదులుకున్నారు.

ఇంటి దగ్గర చేయాల్సింది: న్యూ ఆర్లియన్స్, 1815 జనవరి 8

ఈసారి 1 సెం.మీ. = 100 మీటర్లు. ఆండ్రూ జాక్సన్ వరస 10 సెం.మీ. గీయండి. అమెరికన్ సైనికుడిలా నిలబడి చూస్తే కుడిచేతి వైపు మిసిసిపీ నది, ఎడమచేతి వైపు చిత్తడి అడవి. వరస ముందు రోడ్రిగెజ్ కాలువ, దాని వెనక మట్టిగట్టు, గట్టు మీద 8 ఫిరంగి స్థావరాలు. ఎదుట చెరకు తోటలు కొట్టేసిన బయలు.

బ్రిటిష్ నాయకుడు పేకెన్‌హామ్ పథకంలో మూడు ముక్కలున్నాయి. ఒకటి, కల్నల్ థార్న్‌టన్ దళం రాత్రికి రాత్రి నది దాటి అవతలి ఒడ్డు ఫిరంగులు పట్టుకుని జాక్సన్ వరస మీదికి తిప్పాలి. రెండు, 44వ రెజిమెంటు కాలువ నింపే కట్టెల మోపులూ, నిచ్చెనలూ ముందు తీసుకురావాలి. మూడు, తెల్లవారుజాము మంచు చాటున అసలు దాడి జరగాలి. జరిగింది ఇది: పడవల కోసం తవ్విన కాలువ గట్టు విరిగి, అనుకున్నవాళ్ళలో సగం కంటే తక్కువమందే ఆలస్యంగా నది దాటారు, ప్రవాహం వాళ్ళను కిందికి కొట్టుకుపోయింది. 44వ రెజిమెంటు మోపులూ నిచ్చెనలూ లేకుండా చేరింది. మంచు విడిపోయింది. నది వైపున్న 93వ హైలాండర్లను బయలుకు అడ్డంగా, ఏటవాలుగా నడిపించారు. పేకెన్‌హామ్, ఆయన కింది జనరల్ గిబ్స్ ఇద్దరూ ప్రాణాలు పోగొట్టుకున్నారు. బ్రిటిష్ నష్టం సుమారు 2,000, అందులో చనిపోయినవాళ్ళు 291. అమెరికన్లలో చనిపోయినవాళ్ళు 13 మంది.

పటం గీసి ఈ నాలుగింటికి జవాబు రాయండి.

మొదటిది, 93వ రెజిమెంటు దారిని గీసి, ఎన్ని ఫిరంగి స్థావరాల ఎదుట నుంచి అది నడిచిందో లెక్కపెట్టండి. ఏటవాలు దారి నేరుదారి కంటే ఎంత పొడుగైందో స్కేలుతో కొలవండి. నిమిషానికి 75 మీటర్ల నడకతో ఎన్ని అదనపు నిమిషాలు?

రెండోది, మూడు ముక్కల్లో ఏ ఒక్కటి సరిగ్గా జరిగి ఉంటే మిగతా రెండింటి లోపం కప్పబడేది? కారణం గడియారంతో చెప్పండి, ధైర్యంతో కాదు.

మూడోది, థార్న్‌టన్ చివరికి అవతలి ఒడ్డున గెలిచాడు. ఆ గెలుపు ఎందుకు అక్కరకు రాలేదో ఒక్క వాక్యంలో రాయండి.

నాలుగోది, గెంట్ సంధి మీద సంతకాలు 1814 డిసెంబరు 24న అయ్యాయి. రెండు దేశాలూ ఆమోదించాకే పోరు ఆగాలని సంధి మొదటి అధికరణంలోనే ఉంది. అమెరికా సెనేట్ ఆమోదించింది 1815 ఫిబ్రవరి 16న. "యుద్ధం ముగిశాక జరిగిన యుద్ధం" అని న్యూ ఆర్లియన్స్ గురించి రాసేవాళ్ళ మాట నిలుస్తుందా? తేదీల గీత గీసి చూపించండి. జవాబులతో 4వ పాఠం మొదలవుతుంది, కాబట్టి కాగితాలు పారేయకండి.